డిప్రెషన్ మాత్రలతో నిద్ర చెడితే ఏం చేయాలి

డిప్రెషన్‌కో, ఆందోళనకో డాక్టరు మాత్ర రాస్తారు. వారం తిరక్కముందే కొత్త బాధ మొదలవుతుంది. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తుంది, లేదా తెల్లార్లూ కలలే కలలు, లేదా పొద్దున పదయినా మగత వదలదు. ‘ఈ మందు నాకు పడలేదు’ అని చాలామంది ఆపేసేది సరిగ్గా ఇక్కడే. మనసుకు మాత్ర పనిచేయడం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా పనిచేయడానికి ఆరు వారాలూ పట్టొచ్చు. నిద్ర మీద ప్రభావం మాత్రం మొదటి రెండు మూడు రోజుల్లోనే కనిపిస్తుంది. అంటే మేలు కంటే ఇబ్బందే ముందొస్తుంది. ఆ మధ్య రోజులు ఎలా గడపాలో, అవి గడిచాక కూడా నిద్ర కుదురుకోకపోతే డాక్టరుతో ఏం మాట్లాడాలో ఇక్కడ రాస్తున్నాం.

ఆగకూడని సందర్భాలు

కింద చెప్పే చిట్కాలేవీ వీటికి పనికిరావు. అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి, దొరక్కపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు నాలుగు గంటలే పడుకున్నా అలసట లేకుండా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, చేతికందినట్టు ఖర్చు, ఊరికే కోపం వస్తుంటే అది మామూలు నిద్రలేమి కాదు. మాత్ర ఉన్మాద దశకు తోసి ఉండొచ్చు. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (ఉన్మాదం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉంటే ఇంకా జాగ్రత్త. మనిషి తనకు బాగానే ఉందనుకుంటాడు కాబట్టి దీన్ని ముందు పసిగట్టేది ఇంట్లోవాళ్లే.

లోపల ఏదో తరుముతున్నట్టుండి పగలూ రాత్రీ కూర్చోలేక, నిలబడలేక తిరుగుతూనే ఉంటే అది కూడా మందు వల్లే కావచ్చు. ఆ అలజడి భరించలేనిదిగా ఉంటుంది, దాన్ని ఓర్చుకోమని ఎవరూ చెప్పకూడదు.

చచ్చిపోవాలన్న ఆలోచనలు కొత్తగా వచ్చినా, పెరిగినా ఆగకండి. మందు మొదలైన తొలి వారాల్లో, మోతాదు మారిన రోజుల్లో, ముఖ్యంగా 25 ఏళ్ల లోపు వాళ్లను ఇంట్లోవాళ్లు దగ్గరుండి కనిపెట్టుకోవాలి. టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు 988.

కొత్త మందేదైనా కలిపాక ఒళ్లు కాలుతూ, వణుకుతూ, కండరాలు ఎగిరిపడుతూ, విరేచనాలతో, మాట తడబడుతుంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి.

1. స్ట్రిప్పు వెనక చదవండి

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, మిల్లీగ్రాములు ఉంటాయి. మీకు కావలసింది అదే. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూసుకోండి.

ఫ్లూయాక్సెటిన్, బ్యుప్రోపియాన్, వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్ సాధారణంగా మెలకువ పెంచే రకం. సెర్‌ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారాక్సెటిన్, డ్యులాక్సెటిన్ మనిషిని బట్టి రెండు రకాలుగానూ పనిచేస్తాయి. ఒకరికి నిద్ర పట్టదు, ఇంకొకరు ఆఫీసులో తూగుతారు. మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్, డోసులెపిన్, ట్రాజడోన్ మగత తెచ్చేవి. ఫ్లువాక్సమిన్ కూడా ఎక్కువమందికి మగతే.

తర్వాత ఇంకో ముఖ్యమైన సంగతి. మన దగ్గర ఎస్సిటలోప్రామ్‌తో పాటు క్లొనజెపామ్‌నో, ఎటిజొలామ్‌నో ఒకే మాత్రలో కలిపి అమ్మేవి చాలా ఉన్నాయి. అమిట్రిప్టిలిన్‌తో క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిసినవీ అంతే. స్ట్రిప్పు మీద రెండు మందుల పేర్లుంటే అందులో నిద్రమాత్ర జాతి మందు ఉందేమో మందుల షాపులో కాదు, డాక్టరు దగ్గరే అడగండి. ‘పొద్దున వేసుకుంటే నిద్ర పడుతుందట’ అని ఇలాంటి జంటమాత్రను పొద్దుటికి మార్చుకుంటే బండి నడిపేటప్పుడు మగత కమ్ముతుంది. దాన్ని హఠాత్తుగా ఆపితే రాత్రిళ్లు అసలు నిద్రే రాదు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. విడివిడి మాత్రలుగా మార్చమని అడగడం మంచిది. అప్పుడే ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని నెమ్మదిగా తగ్గించడం కుదురుతుంది.

2. పద్నాలుగు రోజులు రాసిపెట్టండి

‘సరిగ్గా నిద్ర పట్టట్లేదండీ’ అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు. డిప్రెషన్‌లోనే నిద్ర చెడుతుంది. తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి మెలకువ వచ్చి దిగులు కమ్మడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. ఇది జబ్బు వల్లా, మందు వల్లా అన్నది తేల్చేది తేదీలే. మాత్రకు ముందు నిద్ర ఎలా ఉండేది? మొదలెట్టిన రోజు ఏది? మోతాదు పెంచింది ఎప్పుడు? చెడిన రోజు దేనికి దగ్గరగా ఉంది?

ఒక నోట్‌బుక్ మంచం పక్కన కాదు, వంటింట్లో పెట్టుకోండి. పొద్దున కాఫీ వేళ ఒకే వరుస రాయండి: మాత్ర వేసుకున్న సమయం, పక్క మీదికి చేరిన సమయం, నిద్ర పట్టడానికి పట్టిన సమయం, ఎన్నిసార్లు మెలకువ, చివరికి లేచిన సమయం, పగటి కునుకు, కాఫీ టీ ఎన్ని, చివరి కప్పు ఎప్పుడు. అంచనాగా రాస్తే చాలు. రాత్రి గడియారం చూసి రాయాలని కూర్చుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది.

3. వేళ మార్చడం

మెలకువ పెంచే మాత్రను రాత్రి వేసుకుంటుంటే పొద్దున టిఫిన్ తర్వాతకి జరపడం మొదటి పని. డాక్టరుకు ఒక మాట చెప్పి చేయండి. చాలామంది ఫోన్‌లోనే సరే అంటారు. సెర్‌ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి ఒంట్లో సగానికి తగ్గడానికి ఒక రోజు పైనే పడుతుంది, కాబట్టి రోజుకు మూడు గంటలు ముందుకు జరిపితే ఏ ఇబ్బందీ తెలియదు. రాత్రి 9కి వేసుకునేవాళ్లు మర్నాడు సాయంత్రం 6కి, తర్వాత మధ్యాహ్నం 3కి, 12కి, నాలుగో రోజు పొద్దున 9కి. అక్కడితో ఆగిపోవాలి. కడుపులో తిప్పుతుంటే తిన్నాక వేసుకోండి. తొలివారాల్లో వికారం తగ్గించడానికి తిండితో వేసుకోవడమే సులువైన మార్గం.

ఫ్లూయాక్సెటిన్ వారాల తరబడి ఒంట్లో నిలుస్తుంది. దాన్ని పొద్దుటికి మార్చడం మంచిదే గానీ మార్చిన మర్నాడే నిద్ర కుదురుతుందని ఆశపడకండి. బ్యుప్రోపియాన్ రోజుకు రెండుసార్లు వేసుకునే రకమైతే రెండు మాత్రల మధ్య కనీసం ఎనిమిది గంటలు ఉండాలి, రెండోది పడుకునే వేళకు దగ్గరగా ఉండకూడదు. పొద్దున 7కి ఒకటి, మధ్యాహ్నం 3కి ఒకటి అనుకోండి. వెన్లాఫాక్సిన్ నెమ్మదిగా విడుదలయ్యే క్యాప్సూల్‌ను నమలకూడదు, నలపకూడదు.

మగత తెచ్చేవాటికి లెక్క వేరు. మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్ రాత్రి 11కి సీరియళ్లు, ఫోనూ అయ్యాక వేసుకుంటే మర్నాటి పదింటిదాకా తల దిమ్ముగానే ఉంటుంది. భోజనం త్వరగా ముగించి 8 గంటల ప్రాంతంలో వేసుకుంటే మగత దిగడం కూడా త్వరగా మొదలవుతుంది. మిర్టజపిన్‌లో ఇంకో విచిత్రం: 7.5, 15 మిల్లీగ్రాముల దగ్గర మగత ఎక్కువగా ఉండి, మోతాదు పెరిగినప్పుడు కొందరికి తగ్గుతుంది. కాబట్టి ‘సగం వేసుకుంటే మగత తగ్గుతుంది’ అని మీరే మాత్ర విరిచేయకండి. పొద్దున మగత ఉన్నన్నాళ్లూ బండి, ట్రాక్టరు, ప్రెస్సు, గ్రైండరు జోలికి పోకండి.

రాత్రి షిఫ్టు వాళ్లకు ‘పొద్దున’ అంటే గడియారంలో పొద్దున కాదు, వాళ్లు నిద్రలేచే వేళ. మధ్యాహ్నం 3కి లేచేవాళ్లు మెలకువ మాత్రను 3:30కి వేసుకోవాలి. సెలవు రోజున వేళ తలకిందులు చేసుకోకండి. రంజాన్ ఉపవాసాల్లో పొద్దుటి మాత్రను సహరీకి, రాత్రి మాత్రను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవడం చాలామందికి కుదురుతుంది. నెల మొదలవకముందే డాక్టరుతో మాట్లాడుకోండి. దీక్షల్లో ఉన్నవాళ్లు కూడా మాత్ర ఆపనక్కర్లేదు. చన్నీళ్ల స్నానానికి తెల్లారకముందే లేవాలి కాబట్టి పడుకునే వేళను కూడా అంత ముందుకు జరుపుకోవాలి.

వేళ మార్చాక వారం రోజులు చూడండి. ఒకేసారి వేళా, కాఫీ, మోతాదూ అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

4. ఏ రకం బాధకు ఏం చేయాలి

*కలలు.* మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే మందులు కలల నిద్రను అణిచి వెనక్కి నెడతాయి. అణిగిన కలలు తెల్లవారుజామున గట్టిగా, రంగురంగులుగా వస్తాయి. అలారం మోగే వేళకు మీరు కల మధ్యలో ఉంటారు కాబట్టి గుర్తుండిపోతాయి. మాత్ర ఒక రోజు మరిస్తే, ముఖ్యంగా పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ అయితే, ఆ రాత్రి కలలు ఇంకా ముదురుతాయి. కాబట్టి ఇక్కడ మొదటి చిట్కా మాత్ర మరవకపోవడమే. ఊరికి వెళ్లే బ్యాగులో నాలుగు మాత్రలు ఎప్పుడూ ఉంచండి. ఒకే పీడకల తిరిగి తిరిగి వస్తుంటే పగటిపూట దాని ముగింపు మీకు నచ్చినట్టు మార్చి కాగితం మీద రాసి, రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఆ కొత్త కథనే ఊహించుకోండి. సైకాలజిస్టులు పీడకలలకు నేర్పే పద్ధతి ఇది.

కలలో కొట్టడం, తన్నడం, మంచం మీంచి పడడం జరుగుతుంటే పరుపు నేల మీద వేసుకోండి, పక్కనున్న స్టూలూ గాజు గ్లాసూ తీసేయండి, పక్కన పడుకునేవాళ్లు కొన్నాళ్లు వేరే పడుకోవాలి. యాభై దాటినవాళ్లకు ఇలా జరిగితే మందును మాత్రమే అనుమానించి ఊరుకోకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.

*కాళ్లు.* సాయంత్రం నుంచి పిక్కల్లో పురుగులు పాకినట్టు ఉండి, కదిపితే తగ్గి, ఆపితే మళ్లీ మొదలైతే అది కాళ్ల అలజడి. మిర్టజపిన్‌తో ఎక్కువగా, మిగతా వాటితోనూ వస్తుంది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ రక్తపరీక్ష చేయించమని అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెర్రిటిన్ తక్కువగా ఉండొచ్చు, మన ఆడవాళ్లలో ఇది చాలా మామూలు. మిల్లీలీటరుకు 75 నానోగ్రాముల లోపుంటే ఐరన్ ఇవ్వడం గురించి డాక్టరు ఆలోచిస్తారు. ఐరన్ మాత్రకు అటూ ఇటూ గంటసేపు టీ కాఫీ తాగొద్దు. నిద్ర కోసం జలుబు మాత్ర వేసుకోవద్దు, మగత తెచ్చే అలర్జీ మందులు ఈ కాళ్ల బాధను పెంచుతాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే.

*చెమట.* తల, మెడ, ఛాతీ తడిసి మెలకువ వస్తుంది. నూలు దుప్పటి, నూలు బట్టలు, మార్చుకోవడానికి ఇంకో జత దగ్గర పెట్టుకోండి. మాత్ర వేళ మార్చితే కొందరికి తగ్గుతుంది. కానీ రాత్రి చెమటలతో పాటు రెండు వారాలకు మించిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా, నెలసరి ఆగే వయసులోనూ ఇలా జరుగుతుంది. అన్నిటినీ ఈ మాత్ర మీదకి నెట్టేయకండి.

*పళ్లు నూరడం.* మీకు తెలియదు, పక్కనవాళ్లకు తెలుస్తుంది. పొద్దున దవడ నొప్పి, కణతల దగ్గర తలనొప్పి ఉంటాయి. పళ్ల డాక్టరు కొలత తీసి రాత్రి తొడుగు చేసిస్తారు. మోతాదు కాస్త తగ్గించినా, వేరే మందు కలిపినా తగ్గుతుంది, అది రాసిన డాక్టరు పని.

*గురక.* మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్‌తో ఒళ్లు రావడం ఎక్కువ. బరువు పెరిగాక గురక మొదలై, మధ్యలో ఊపిరి ఆగినట్టుండి ఉలిక్కిపడి లేస్తుంటే నిద్రమాత్రలు ఇంకా ప్రమాదం. దానికి నిద్ర పరీక్ష కావాలి.

పెద్దవయసు వాళ్ల గురించి ఒక్కటి. అమిట్రిప్టిలిన్ లాంటివి వేసుకుని రాత్రి బాత్రూంకి లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం, తుంటి విరగడం నిజంగా జరిగే విషయం. లేచి మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి, దారిలో చిన్న బల్బు వెలగాలి.

5. పక్క, కాఫీ, కునుకు

మందు వల్ల చెడిన నిద్ర మందు సర్దుకున్నాక కూడా అలవాటుగా మిగిలిపోతుంది. అందుకే ఈ భాగాన్ని దాటవేయకండి.

కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటి టీలో సగం రాత్రి తొమ్మిదికి ఇంకా మీ ఒంట్లోనే ఉంటుంది. ఫ్లువాక్సమిన్ వేసుకునేవాళ్లలో అది ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. వాళ్లకు పొద్దుటి కప్పు కూడా రాత్రి నిద్రను చెడగొట్టొచ్చు. చివరి కప్పు మధ్యాహ్నం పన్నెండులోపు. నాలుగింటికి మజ్జిగో, నిమ్మరసమో పెట్టుకోండి. రోజుకు ఐదారు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, మూడు రోజులకొకటి చొప్పున తగ్గించండి.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు తప్పదంటే మూడింటి లోపు, ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని. పొద్దున లేవగానే అరగంట వెలుతురులో ఉండండి. డాబా మీద నడిచినా చాలు.

పడుకుని ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి. ఫోన్ వద్దు. రెప్పలు బరువెక్కాకే మళ్లీ పక్క మీదికి రండి. ఎన్నిసార్లు లేవాల్సి వచ్చినా సరే. పొద్దున లేచే వేళ మాత్రం ఒక్కటే, ఆదివారమైనా.

రెండు వారాల నోట్సులో సగటున ఐదున్నర గంటలే నిద్ర ఉండి, మంచం మీద మాత్రం తొమ్మిది గంటలు గడుపుతుంటే మంచం మీద గడిపే సమయాన్ని తగ్గించాలి. ఆరింటికి లేవాలంటే పన్నెండింటికి ముందు పడుకోకండి. వారమంతా ఆ ఆరు గంటల్లో ఐదు గంటల పైన, అంటే దాదాపు 85 శాతం, నిద్రే ఉంటే పడుకునే వేళను 15 నిమిషాలు ముందుకు జరపండి. ఇలా వారం వారం. ఐదు గంటల కంటే ఎప్పుడూ తగ్గించకూడదు. మొదటి వారం పగలు కళ్లు మూతలు పడతాయి, అది పద్ధతి పనిచేస్తున్న గుర్తు. కానీ బైపోలార్ ఉన్నవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, లారీ బస్సు నడిపేవాళ్లు ఇది సొంతంగా చేయకూడదు. నిద్ర తగ్గడమే వాళ్లకు ప్రమాదం.

6. పక్కన చేర్చకూడనివి

మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుంది, నిజమే. రెండు మూడు గంటల తర్వాత తెగిపోతుంది. ఈ మాత్రలతో కలిస్తే మగత, ఊపిరి మందగించడం కూడా. నిద్ర కోసమని పెగ్గు మొదలుపెట్టకండి.

పక్కింటివాళ్ల అల్‌ప్రజొలామ్, జొల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు అరువు తెచ్చుకోకండి. నొప్పులకిచ్చే ట్రమడాల్, దగ్గు సిరప్‌లలోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్, లినజొలిడ్ అనే యాంటీబయాటిక్ సెరటోనిన్‌ను ప్రమాదకరంగా పెంచగలవు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరయినా సరే, ఈ మాత్ర సంగతి చెప్పాలి. గ్యాస్ కోసం రోజూ ఒమెప్రజోల్ మింగేవాళ్లలో ఎస్సిటలోప్రామ్ మోతాదు రక్తంలో పెరుగుతుంది. గ్యాస్ మాత్ర మొదలయ్యాకే నిద్ర చెడిందేమో నోట్సులో చూడండి. మెలటోనిన్ కొందరికి కొంత పనికొస్తుంది. ఫ్లువాక్సమిన్ మీద ఉన్నవాళ్లలో మాత్రం దాని మోతాదు విపరీతంగా పెరిగిపోతుంది, వాళ్లు అడగకుండా వేసుకోకూడదు.

7. డాక్టరు దగ్గర

వేళ మార్చి, కాఫీ తగ్గించి, మూడు నాలుగు వారాలు గడిచినా నిద్ర కుదరకపోతే, లేదా పగటి పని సాగనంతగా ఉంటే ముందే, నోట్సు పట్టుకుని వెళ్లండి. గదిలో రెండు నిమిషాలే దొరికినా సరిపోయేలా మూడు వాక్యాలు సిద్ధం చేసుకోండి: ‘ఫలానా తేదీన ఇంత మోతాదు మొదలైంది. ఫలానా తేదీ నుంచి రాత్రి ఇన్నిసార్లు మెలకువ. వేళ మార్చాను, కాఫీ తగ్గించాను, ఇంత తేడా వచ్చింది.’ తర్వాత అడగండి: మోతాదు తగ్గించొచ్చా? రాత్రికి తక్కువ మోతాదులో మిర్టజపిన్ లేదా ట్రాజడోన్ చేరుస్తారా? వేరే మందుకు మారాలా? అగోమెలటిన్ అనే మందు పడుకునే ముందే వేసుకునేది, నిద్ర వేళను సరిచేసే గుణం ఉంది. దానికి ముందూ తర్వాతా లివర్ పరీక్షలు తప్పనిసరి. క్లొనజెపామ్ రాస్తే ‘ఎన్ని రోజులు? ఎలా తగ్గించాలి?’ అని అక్కడే రాయించుకోండి. రెండు మూడు వారాలకని మొదలైన చీటీ మందుల షాపులో తిరిగి తిరిగి చూపించి ఏళ్ల తరబడి సాగేది ఇది అడగకపోవడం వల్లే.

మరిచిపోయిన మాత్ర సంగతి కూడా తేల్చుకుని రండి. పొద్దుటి ఫ్లూయాక్సెటిన్ రాత్రి పదింటికి గుర్తొస్తే ఆ రోజుకు వదిలేయొచ్చు, ఒంట్లో నిల్వ ఉంటుంది. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ అయితే ఏ గంటదాకా వేసుకోవచ్చో మీ డాక్టరు చెప్పాలి. ఏదైనా సరే, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు.

చివరికి మందు ఆపే రోజు వచ్చినప్పుడు నిద్ర మళ్లీ ఒకసారి కదులుతుంది. కలలు పోటెత్తుతాయి, మెలకువలు వస్తాయి, తలలో కరెంటు తీగ తగిలినట్టు జిల్లుమంటుంది. ఎక్కువమందికి ఇవి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల్లో తగ్గుతాయి, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మోతాదు దించిన వెంటనే వస్తే అది ఎక్కువగా మందు వదిలేటప్పటి బాధ. వారాలో నెలలో గడిచాక దిగులుతో కలిసి మెల్లగా వస్తే జబ్బు తిరగబెడుతోందేమో చూడాలి. ఆ నోట్‌బుక్‌ను అప్పటిదాకా పారేయకండి, మోతాదు దించే వారం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టండి.